పేరు చెప్పని ప్రార్థన

అయ్యగారికి వందనాలు.

మీ చర్చివాళ్లు ఇల్లిల్లూ తిరిగి కష్టసుఖాలు కనుక్కుంటున్నారు కదా అని, మావాడి తాగుడు సంగతి మీ చెవిన వేశాను. మీరేమో ఆదివారం మైకులో ఊరంతా వినేలా ప్రార్థించారు. దేవుడికి చెవుడు లేదు కదా, ఆ మైకు ఎవరికోసమో.

అడిగితే "పేరు చెప్పలేదు కదమ్మా" అన్నారు. "రేకులింటి ముసలమ్మ కొడుకు" అన్నాక ఇంక పేరెందుకయ్యా? ఊళ్లో రేకులిల్లు మాదొక్కటే.

మర్నాడు పనిలో మేస్త్రీ "ఏరా, ప్రార్థన పనిచేసిందా?" అని నవ్వాడట. మావాడు తాపీ అక్కడే పడేసి పోయాడు, ఇంతవరకు ఇల్లు చేరలేదు. తిన్నాడో లేదో, ఏ కాలవగట్టున పడున్నాడో.

రేపు మీవాళ్లు నన్ను ఓదార్చడానికి వస్తారట. నాకు ఓదార్పు వద్దు, వాణ్ణి వెతకండి. దొరికితే మైకులో చెప్పకండి, నాకు చెప్పండి.

ఇట్లు,
వాడి తల్లి