చుట్టాన్ని సాగనంపే ఇంగ్లీషు

26వ తేదీ, శుక్రవారం, మధ్యాహ్నం
అక్కావాళ్ళ ఇల్లు, వెనక గది

పరీక్ష హాల్లో మూడేళ్ళపాటు నా ముందు కూర్చుని, అవసరాన్ని బట్టి భుజం పక్కకు వంచిన త్యాగమూర్తి శ్రీ పొడుగుగారి సముఖమునకు,

నీ వెనక బెంచీవాడు చేతులు జోడించి వ్రాయు విన్నపం. నేను కులాసా. నువ్వూ, నీ కొత్త ఉద్యోగమూ, నీకు ఉద్యోగమిచ్చిన అమాయకులూ కులాసాయేనని తలుస్తాను.

ఇక అసలు సంగతి. ఈ ఇంట్లో ఏదో కుట్ర జరుగుతోంది.

పదకొండు రోజుల కిందట బావ మేనమామ దిగాడు. వెంట ఒక బరువైన సంచి. దాన్ని ఎవరి ముందూ విప్పడు. రోజుకు రెండుసార్లు నా గుమ్మంలోకి వచ్చి, నా మంచంకేసి చూసి నిట్టూర్చి వెళ్ళిపోతాడు. మొన్న స్నానం చేసి వచ్చేసరికి నా గదిలో టేపు పట్టుకుని గోడ కొలుస్తున్నాడు. ఏంటి బాబాయ్‌గారూ అంటే, ఏం లేదబ్బాయ్, ఊరికే, గోడ ఎంతుందో చూద్దామనిపించింది అన్నాడు. నీకెప్పుడైనా అలా అనిపించిందా? నాకైతే పుట్టి బుద్ధెరిగాక అనిపించలేదు. మనిషి ఇక్కడే స్థిరపడే ఆలోచనలో ఉన్నాడు, నా గది మీద కన్నేశాడు!

పైగా నేను వంటింట్లోకి అడుగుపెడితే అక్కా, ఆయనా ఠక్కున మాటలాపేస్తారు. పొద్దున్నే ఆయన నన్ను అడిగే మొదటి ప్రశ్న, బస్సులు ఎన్నింటికి అబ్బాయ్ అని. వెళ్ళిపోతాడేమోనన్న ఆశతో టైములన్నీ అప్పజెబుతాను. ఆయన వినడు. నా ముఖంలోకే చూస్తాడు.

మామూలు రోజుల్లో అయితే పోనీలే అనుకుందును. కానీ అక్కకు ఒక బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని వచ్చింది. రెండువందల చొక్కాలు. ఒకటో తారీకుకల్లా మొదలుపెట్టకపోతే వాళ్ళు వేరే టైలరును చూసుకుంటారట. ఇప్పుడేమో పాపం వంటింటి నేల మీద గుడ్డ పరుచుకుని కత్తిరిస్తోంది. భోజనాల వేళకు అంతా మడవడం, కంచాలు తీశాక మళ్ళీ పరచడం. మోకాళ్ళు పట్టేశాయి. ఇంట్లో ఉన్నవి మూడే గదులు. ఒకటి వాళ్ళది, ఒకటి నాది. హాల్లో ఈ పెద్దమనిషి చాప. ఆయన కదిలితే అక్కకు చోటు దొరుకుతుంది. ఆయన కదలడు. కొందరికి ఎదుటివాళ్ళ ఇబ్బంది తెలియదురా. నేనూ మూడు నెలల కిందట పరీక్ష రాయడానికని నాలుగు రోజులకే వచ్చాను, ఫలితాలు వచ్చేదాకా ఉందామని ఆగాను, కానీ ఎవరికైనా అడ్డొచ్చానా?

పోయిన శనివారం అక్క మెల్లగా నా దగ్గరికొచ్చి, ఒరేయ్, ఇంగ్లీషు చదివావు కదా, ఎంతకీ కదలని చుట్టానికి మనసు నొచ్చుకోకుండా వెళ్ళమని ఎలా చెప్పాలిరా అంది. నా డిగ్రీతో ఒకరికి పనిపడటం అదే మొదటిసారి. ఉప్పొంగిపోయాను.

చూడక్కా, తెలుగులో ఎప్పుడెళ్తున్నావని అడిగితే మూడు తరాలు చెప్పుకుంటారు, ఇంగ్లీషులో అదే మాటకు ఇస్త్రీ చేసి బొత్తాలు పెట్టి పంపొచ్చు అన్నాను. "వాట్ ఆర్ యువర్ ప్లాన్స్" అంటే ప్లాన్ల గురించి కాదని, పెట్టె ఎప్పుడు సర్దుతావని అడగడమని చెప్పాను. "వియ్ డోంట్ వాంట్ టు కీప్ యూ" అంటే గుమ్మం ఇటుంది బాబూ అని. అన్నిటికంటే ఘాటైనది "ఇట్స్ బీన్ లవ్లీ హావింగ్ యూ". అది నవ్వుతూ అనాలి, అంటూ లేచి నిలబడాలి.

అక్క శ్రద్ధ చూడాలిరా! మర్నాడే నాకు కాఫీ ఇస్తూ, వాట్ ఆర్ యువర్ ప్లాన్స్ అంది. పదికి ఏడు వేశాను. బుధవారం, వియ్ నీడ్ ద రూమ్ అంది. అది నేను నేర్పింది కాదు, సొంత కవిత్వం. భేష్, తొమ్మిది అన్నాను. నిన్న ఆ లవ్లీ వాక్యం అనేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నటన ఎక్కువైందక్కా, కాస్త తగ్గించు అన్నాను. పక్కనే ఉన్న బాబాయ్‌గారు తల పట్టుకున్నాడు. బావ చొక్కా వేసుకుని బయటికి పోయాడు. ఈ మధ్య బావ నా చెప్పుల్ని రోజూ వీధివైపు తిప్పి పెడుతున్నాడు. అంత మర్యాద తెలిసిన మనిషి.

అర్థంకానిదల్లా ఒకటే. ఇన్ని నేర్చుకున్న అక్క ఆయనతో ఒక్క ముక్కా అనదేం? ఏదో చెప్పి నోరు కట్టేశాడు. ఇక ఉపేక్షించను. కునుకు తీసి లేవగానే మూడు వాక్యాలూ నేనే ఆయన ముఖాన అనేస్తాను. ఆ సంచిలో ఏముందో కూడా తేల్చేస్తాను.

యుద్ధానికి బయల్దేరుతూ,
నీ వెనక బెంచీ

తా.క.: సాయంత్రం ఆరు. అన్నీ అనేశాను. ఆయన ఓపిగ్గా విని, ఇవన్నీ వారం నుంచి మీ అక్క నీకు చెబుతున్నవేగా అబ్బాయ్, మళ్ళీ నాకెందుకు అన్నాడు. తర్వాత సంచి తనే విప్పాడు. రంపం, ఉలి, సుత్తి, చిత్రిక. ఆయన వడ్రంగి. అక్కకు ఈ వెనక గదిలో కత్తిరింపు బల్ల బిగించడానికి రెండు రోజుల పనికని వచ్చాడు. గది ఖాళీ కాక పదకొండు రోజులు హాల్లో పడుకున్నాడు.

అక్క దగ్గరికెళ్ళి నిలబడ్డాను. తలెత్తకుండా, ఆకలేస్తోందా అని అడిగింది. లేదన్నాను. మంచం విప్పడానికి ఒక చెయ్యి వెయ్యండని ఆయన్నే పిలిచాను.

ఈ ఉత్తరం పోస్టు చెయ్యడం లేదు, రేపు నేనే తెచ్చి నీ చేతికిస్తాను. నన్ను లోపలికి రమ్మనకముందే, గుమ్మంలో నిలబడి ఇక్కడిదాకా చదువు. నాలుగు రోజులు చోటు కావాలి. కుదరకపోతే తెలుగులోనే చెప్పరా.