స్పితిలో నువ్వు ఆగని రెండు రోజులు

యాదగిరీ,

నువ్వు బతికున్నన్నాళ్లూ నిన్ను 'మీరు' అన్నాను. ఈ ఉత్తరంలో అనను.

పోయిన వారం ఫిల్మ్‌నగర్ ఆడవాళ్లతో కలిసి ట్రెక్కింగ్‌కని హిమాలయాల్లోని స్పితి లోయకి వెళ్లాను. పాట షూటింగ్‌కి పోయి నువ్వు ఊపిరాడక చచ్చిపోయిన చోటు చూడాలనిపించింది. అక్కడ గాలి పలచన. కింది ఊళ్లో రెండు రోజులుండి అలవాటు పడితేనే పైకి తీసుకెళ్తానన్నాడు గైడు. ఆ రెండు రోజులూ మీ డైరెక్టర్ సదానందాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. నిన్ను ఆగనివ్వకుండా పైకి తరిమింది అతనేనని ఆరేళ్లుగా నా నమ్మకం. పైన మంచుకొండల ముందు అందరూ ఫొటోలు దిగారు. నాకు ఆ కొండల మొహం చూడబుద్ధి కాలేదు.

తిరిగొచ్చి నేరుగా జూబ్లీహిల్స్‌లో అతని ఆఫీసుకి పోయి కడిగేశాను.

"మా ఆయన్ని రెండు రోజులు ఆగనిస్తే నీ సొమ్మేం పోయేది?"

అతను తల ఎత్తలేదు. "మేమందరం ఆగినం వదినా. అన్ననే వినలే. ముహూర్తం దాటకముందే లొకేషన్ల కొబ్బరికాయ కొట్టాలని పొద్దుగాలనే ఒక్కడే ఎక్కిండు."

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే అన్న మీద కోపమొస్తది. నన్ను తిడితే ఏం పోతది?"

ఏటా నువ్వు పోయిన ఈ రోజున నీ ఫొటో ముందు కొబ్బరికాయ కొట్టేదాన్ని. ఈసారి తెచ్చిన కాయని పచ్చడి చేశాను. సదానందం భోజనానికి వస్తున్నాడు.

లక్ష్మి