ఆన్ అయిందా, బావగారూ?

జూన్ 27, శుక్రవారం

ఉదయం 10:15. పార్సిల్ వచ్చింది. ఏడు పెట్టెలు. శుభం!

నిడదవోలులో స్టీలు సామాన్ల కొట్టు పెట్టి ఇరవై ఆరేళ్ళు. ఇది ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు, బేరాల్లేవు. ఈ తీరికలో విడిభాగాలు తెప్పించుకుని కంప్యూటర్ నేనే బిగించుకుంటున్నాను. మా అల్లుడు భానుతేజ కాకినాడలో ఇంట్లోనే కూర్చుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. "రెడీమేడ్‌ది కొనేయండి మావయ్యగారూ, మీకెందుకండీ శ్రమ" అని నవ్వాడు. మర్యాదగానే నవ్వాడు. అయినా నవ్వు నవ్వే.

తీర్మానం:
1. బిగించేది నేనే.
2. ఎవర్నీ సలహా అడగను.
3. ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వను.

"సంతకం కూడా పెట్టండి, లోటెందుకు" అంది మా ఆవిడ బుజ్జమ్మ. పెట్టాను.

సాయంత్రం 5:00. మొదటి పని పూర్తి. కొట్లోంచి పేర్లు కొట్టే మిషన్ తెచ్చి అన్నింటి మీదా పేరు కొట్టేశాను. రిపేరుకిస్తే లోపలి సామాను మార్చేస్తారట. గిన్నెలైనా అంతే కదా, పేరు లేకపోతే పేరంటాల్లో మారిపోతాయి. డబ్బా మీద కొట్టాను, ఫ్యాన్ల మీద కొట్టాను. మదర్‌బోర్డుకి ముందువైపు చోటు లేదు గానీ వెనక బోలెడు ఖాళీ. 'వి. జోగేశ్వరరావు, నిడదవోలు'. చుక్కలు చుక్కలుగా ముత్యాల్లా వచ్చింది.

జూన్ 28, శనివారం

ఉ. 11:40. బిగింపు పూర్తి! నాలుగు మరలు మిగిలాయి. కంపెనీవాళ్ళు ధారాళంగా ఇచ్చినట్టున్నారు.

11:55. కొబ్బరికాయ, హారతి.

12:02. బటన్ నొక్కాను. ఏమీ లేదు.

12:03. గట్టిగా నొక్కాను.

12:05. బుజ్జమ్మ నొక్కింది. (మూడో నియమం ఇంట్లోవాళ్ళకి వర్తించదు.)

12:10. భోజనం.

జూన్ 29, ఆదివారం

ఈ రోజు చేసిన పరీక్షలు:
– ప్లగ్గు. బాగానే ఉంది. అందులో గ్రైండర్ పెడితే తిరిగింది.
– డబ్బా వెనకున్న బుల్లి స్విచ్చి. వేసే ఉంది.
– ర్యామ్. తీసి పెట్టాను. మళ్ళీ తీసి పెట్టాను. బుజ్జమ్మ చూస్తోందని మూడోసారి కూడా.
– ఫోన్లో వీడియోలు, పదకొండు. ఇది సలహా అడగడం కిందికి రాదు. ఆ కుర్రాణ్ణి నేనేమీ అడగలేదు, అతనే చెబుతున్నాడు.

ఫలితం లేదు. అసలు ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టడమే నా పొరపాటు. యంత్రానిది కాదు.

జూన్ 30, సోమవారం

ఉ. 9:20. వియ్యంకుడు జానకిరామ్ గారు దిగారు. కాకినాడ నుంచి భీమవరం వెళ్తూ, ఇక్కడ బండి మారడానికి రెండు గంటలు ఖాళీ ఉందట. చేతిలో కాజాల పెట్టె. ఎరువుల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఏ యంత్రం కనబడినా చొక్కా చేతులు మడుస్తారు.

9:35. కంప్యూటర్ కనబడింది.

"ఏంటి బావగారూ, మొరాయిస్తోందా?"

"అబ్బే, అదేం లేదండి."

"ఆయ్, ఇలా జరగండి. నలభై అడుగుల కంప్రెసర్లు లేపిన చెయ్యండి ఇది."

వియ్యంకుడి చెయ్యి పట్టుకుని వద్దని ఎలా అంటాను? అమ్మాయిని వాళ్ళింటికిచ్చి ఏడాదిన్నరే అయింది. స్క్రూడ్రైవర్ నేనే అందించాను.

ఉన్న వైర్లన్నీ పీకి వేరే చోట్ల గుచ్చారు. ఫ్యాన్లలో రెండేసి చుక్కలు మిషన్ ఆయిల్ వేశారు. స్క్రూడ్రైవర్ పిడితో నాలుగు మూలలా కొట్టి విన్నారు. ఆన్ అవలేదు. "ఇవాళంతా ముట్టుకోకండి. రేప్పొద్దున్నకి దానంతటదే లేస్తదండి" అన్నారు. పనసపొట్టు కూరతో భోంచేసి బండెక్కారు.

మూడో నియమం పోయింది. మొదటి రెండూ భద్రం.

జూలై 1, మంగళవారం

ఉ. 7:10. ఫోన్. "ఆన్ అయిందా, బావగారూ?"

ఎదురుగా పెద్ద రాయిలా కూర్చుని ఉంది కంప్యూటర్. నోరు తెరిచాను. నోరు నా మాట వినలేదు.

"అయిందండి! బ్రహ్మాండంగా పనిచేస్తోందండి. అంతా మీ చలవేనండి!"

ఆయన ఎంత సంతోషించారంటే నాక్కూడా ఒక నిమిషం సంతోషం వేసింది.

నిజానికి ఆయన ముట్టుకోబట్టే ఇది పూర్తిగా చెడింది. అంతకుముందు దాదాపు ఆన్ అయ్యేలాగే ఉండేది. ఈ మాట డైరీలో తప్ప ఎక్కడా అనను.

జూలై 2, బుధవారం

ఉ. 7:10. ఫోన్. "స్పీడెలా ఉందండీ?" చాలా స్పీడుగా ఉందన్నాను.

మ. 1:00. మళ్ళీ ఫోన్. భీమవరం బంధువులందరికీ చెప్పారట. నా చేతే చెప్పించడానికి వాళ్ళ తోడల్లుడికి ఫోన్ ఇచ్చారు. చెప్పాను.

బుజ్జమ్మ ఫ్యాన్లు తుడుస్తూ, "నూనె కారుతోందండీ, ఇంత స్పీడేంటండీ" అంది.

జూలై 3, గురువారం

సా. 4:30. మా అమ్మాయి సాయిసుధ ఫోన్.

"నాన్నా, నిజం చెప్పు. నీ కంప్యూటర్ మావయ్యగారు బాగుచేశారా?"

"ఎందుకమ్మా?"

"నిన్న ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆగట్లేదు నాన్నా. మిక్సీ విప్పారు, ఇప్పుడది స్విచ్ కట్టినా తిరుగుతోంది. పక్కింటాళ్ళ టీవీ విప్పారు. మా ఆయన పొరపాటున ల్యాప్‌టాప్ స్లోగా ఉందన్నారు. ఆఫీసుది! సోమవారం పొద్దున్న దాంట్లోంచే పెద్ద మీటింగు. 'మీ నాన్నగారిదే లేపానమ్మా, ఇదెంత' అంటున్నారు. కొడుకు వద్దంటే చిన్నబుచ్చుకుంటారు, నేనంటే అసలు బాగోదు. నువ్వన్నా చెప్పు."

"చూస్తానమ్మా" అన్నాను. నా మర్యాద కాస్తా వెళ్ళి అల్లుడి ఉద్యోగం మీద పడింది.

చెప్పాల్సింది రాసుకుని చూశాను:
అ) "బావగారూ, నిన్నటిదాకా పనిచేసి ఈ రోజే ఆగిందండి." – ఆయన వెంటనే బయల్దేరతారు.
ఆ) "అమ్మేశానండి." – ఎవరికో చెప్పాలి.
ఇ) నిజం.

బుజ్జమ్మ చదివి 'ఇ' కింద గీత గీసింది. రేపు చేస్తాను. ఈ రోజు అష్టమి.

జూలై 4, శుక్రవారం

ఉ. 7:10. ఫోన్ రాలేదు. మొదటిసారి! నేనే చెయ్యాలి. మ. 12 లోపు చేస్తాను.

మ. 12:00. సా. 4 లోపు.

సా. 4:05. చేశాను.

"బావగారూ, మా కంప్యూటర్ ఆన్ అవలేదండి."

"ఎప్పట్నుంచండి?"

"మొదట్నుంచీనండి. మీరు వైర్లు మార్చాక మరీనండి."

ఆ చివరి ముక్క అనకుండా ఉండాల్సింది. నోరు జారింది.

అటునుంచి మాట లేదు. ఊపిరి మాత్రం వినబడింది. కాసేపటికి "ఉంటానండి" అన్నారు. పెట్టేశారు.

6:40. సుధ: "ఏమన్నావు నాన్నా? మావయ్యగారు గది తలుపేసుకున్నారు. టీ కూడా వద్దన్నారు. మా ఆయనేమో స్నేహితులతో వైజాగ్ వెళ్ళారు, ఆదివారం గానీ రారు. నాకు భయంగా ఉంది."

నా వల్ల ఆ ఇంట్లో నా కూతురు భయపడుతూ కూర్చుంది. ఎందుకు మొదలుపెట్టాను ఇదంతా! ఒక కుర్రాడు నవ్వాడని.

బుజ్జమ్మ నాతో మాట్లాడటం లేదు. పప్పులో ఉప్పు లేదు. అడగలేదు.

జూలై 5, శనివారం

ఉ. 9:20. గుమ్మంలో జానకిరామ్ గారు! చేతిలో సంచి. కాజాలు లేవు.

"కాఫీ తీసుకోండి బావగారూ."

"ముందు పని కానివ్వండి."

కుర్చీ లాక్కుని డబ్బా విప్పారు. తను చేసిన తప్పేంటో చూసుకోవాలట. వైర్లు ఒక్కొక్కటే తీశారు. మదర్‌బోర్డు బయటికి తీసి వెనక్కి తిప్పారు. ఆగిపోయారు. కళ్ళజోడు పైకెత్తి చదివారు.

"వి. జోగేశ్వరరావు, నిడదవోలు."

"ఆ... అది నేనేనండి."

"అది తెలుస్తోందండి. ఈ వెంట్రుకల్లాంటి రాగి గీతలున్నాయి చూశారా? కరెంటు నడిచే దారులండి ఇవి. మీ పేరు పొడుగునా తెగిపోయాయండి. మదర్‌బోర్డుకి పచ్చబొట్టు పొడిచారేంటండీ!"

నేనూ వంగి చూశాను. 'జో' దగ్గర ఆరు గీతలు తెగాయి. 'నిడదవోలు' దగ్గర లెక్కపెట్టలేదు.

"ఇది నేను రాకముందు కొట్టారా, వచ్చి వెళ్ళాకా?"

"ముందేనండి."

సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు రోజులుగా ఈ పుస్తకంలో ఆయన్ని తిట్టుకుంటున్నాను. నిన్న ఫోన్లో ఆ మాట కూడా అనేశాను. "క్షమించండి బావగారూ, తప్పంతా నాదేనండి. మీ మనసు నొప్పించాను" అన్నాను.

ఆయన తల దించుకున్నారు. సంచిలోంచి తువ్వాలు మూట తీసి బల్ల మీద విప్పారు. ల్యాప్‌టాప్. అల్లుడిది. మూత వేరు, అడుగు వేరు. ఒక పాత మందుల సీసాలో మరలు.

"నిన్న మీరు ఫోన్ చేసేసరికే దీన్ని విప్పేశానండి. అబ్బాయి అటు వైజాగ్ బస్సెక్కాడు, నేనిటు స్క్రూడ్రైవర్ తీశాను. మీరు నిజం చెప్తుంటే ఇది నా ఒళ్ళోనే ఉందండి. ఇంకేం మాట్లాడతాను? కోపం కాదండి. భయం."

"ఆన్ అవుతోందా?"

"లేదండి."

ఇద్దరం చాలాసేపు రెండింటినీ చూస్తూ కూర్చున్నాం. బుజ్జమ్మ అడక్కుండానే కాఫీలు తెచ్చింది. ఆయన తాగారు.

జూలై 6, ఆదివారం. తొలి ఏకాదశి.

ఉ. 8:30. అల్లుడికి ఫోన్ నేనే చేశాను. ఆయన చెయ్యలేనన్నారు. "అబద్ధం నాది బాబూ, స్క్రూడ్రైవర్ మాత్రమే మీ నాన్నగారిది" అన్నాను. భానుతేజ ఈసారి నవ్వలేదు. "పనంతా ఆఫీసు సర్వర్లో ఉందండి, రేపటికి వేరేది అడిగి తెచ్చుకుంటాను. నాన్నని కంగారు పడొద్దనండి" అన్నాడు. "ఒక్కటే మావయ్యగారూ. ఆ ల్యాప్‌టాప్‌ని ఇంక ఇద్దరూ ముట్టుకోకండి."

మంచి పిల్లాడు. ల్యాప్‌టాప్‌ని బీరువాలో పెట్టి తాళం బుజ్జమ్మకిచ్చాం.

10:00. కొత్త మదర్‌బోర్డు ఆర్డర్ పెట్టాను. బుధవారం వస్తుంది.

మ. 12:45. బుజ్జమ్మది ఉపవాసం, మాకు మాత్రం వండింది. పిల్లల పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో బావగారు ఏది వడ్డించినా చాలండి, చాలండి అనేవారు. ఈ రోజు గిన్నె తనవైపు లాక్కుని, "ఆ కూర ఇంకాస్త వెయ్యమ్మా" అన్నారు.

3:15. కొత్త తీర్మానం:
1. బిగించేది మేమిద్దరమే.
2. మూడోవాళ్ళని అడగం.
3. పేరు కాగితం మీద రాసి అంటిస్తాం.

ఇద్దరం సంతకాలు పెట్టాం.

4:00. సుధ ఫోన్. "మావయ్యగారు ఎప్పుడొస్తారు నాన్నా?"

ఫోన్ చేత్తో మూసి ఆయన్ని అడిగాను. "ఆన్ అయ్యాక వస్తానని చెప్పండి" అన్నారు.

చెప్పాను. అమ్మాయి రేపటి బస్సుకి ఆయన బట్టలు పంపిస్తానంది.