బక్కయ్య ఫోనుకు రాసిన వారంటీ

ఎల్బీనగర్,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి అలేఖ్యకు నాన్న దీవించి వ్రాయునది.

ఇక్కడ మీ అమ్మ, నానమ్మ కులాసా. నేనూ కులాసాయే అని రాయబోయి ఆగాను. ఒంట్లో అయితే ఏమీ లేదు, కంగారుపడకు. మిగతాది చదువుతుంటే నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం మంగళవారం అందింది. సిగ్నల్ కోసం బడి వెనక గుట్ట ఎక్కుతున్నానని రాశావు. ఈ వానల్లో ఎక్కకమ్మా, బండలు జారతాయి. ఉత్తరాలు ఆలస్యమైనా చేరుతున్నాయి కదా. అయినా నేనిప్పుడు చెప్పబోయేది ఫోనులో అయితే నా నోట రాదు.

ముందు నువ్వడిగినవి. అమ్మ మోకాలి నొప్పి తగ్గలేదు, అలాగని పెరగనూ లేదు. సైదాబాద్‌లో ఎముకల డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. మనది రెండో అంతస్తని చెబితే మందుచీటీ చేతిలో పెట్టాడు. నానమ్మకు చెవులు బాగా తగ్గాయి. నీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను. నీ దగ్గర నాలుగో తరగతి పిల్లలు నిన్ను ‘టీచరమ్మక్క’ అంటారని విని చాలాసేపు నవ్వింది. నువ్వడిగిన గోంగూర పచ్చడి బస్సు పార్సిల్లో వేశాను. సీసా చుట్టూ పాత చీర ముక్క చుట్టింది అమ్మ.

ఇక నీ అసలు ప్రశ్న. పిల్లలకు పాఠాలు చూపించడానికి ట్యాబ్ కొంటున్నావు. టౌన్లో షాపువాడు ఇంకో రెండేళ్ల వారంటీకి అదనంగా కట్టమంటున్నాడు. ‘పదకొండేళ్లుగా నువ్వు అమ్ముతున్నదే కదా నాన్నా, తీసుకోమంటావా?’ అని అడిగావు.

వద్దమ్మా. తీసుకోవద్దు.

ఎందుకో చెప్తాను. వస్తువు తయారీలోనే లోపముంటే చాలామటుకు మొదటి కొన్ని నెలల్లోనే బయటపడుతుంది. దానికి కంపెనీవాళ్ల ఏడాది వారంటీ ఎలాగూ ఉంటుంది. ఆ తర్వాత ఫోనుకైనా ట్యాబ్‌కైనా వచ్చే ఆపదలు మూడే. చెయ్యి జారడం, తడవడం, దొంగతనం. షాపువాడి కాగితం మూడోదాన్ని ముట్టుకోదు. మొదటి రెంటికీ సవాలక్ష షరతులు పెడుతుంది. ఇన్ని గంటల్లో చెప్పాలి, ఫ్రేము వంగకూడదు, తేమ చేరకూడదు. ఆ షరతులన్నీ చిన్న అక్షరాల్లో ఉంటాయి. నా కళ్లజోడుతో నేనే చదవలేకపోయేవాణ్ణి. ఆ కట్టే సొమ్మేదో విడిగా దాచుకో. పగిలితే బాగుచేయించుకుందువుగాని, పగలకపోతే నీ దగ్గరే ఉంటుంది. బాగుపడ్డవాళ్లు అసలు లేరని అనను. ఒక కాలేజీ అమ్మాయికి పగిలిన తెర వారంలో మార్చి ఇచ్చాం. ఆ ఒక్క అమ్మాయి పేరు చెప్పి ఎంతమందికి అమ్మానో లెక్కలేదు.

ఇంతటితో నీ ప్రశ్నకు జవాబు అయిపోయింది. కానీ బక్కయ్య సంగతి నీకు చెప్పకుండా ఉండలేను.

బక్కయ్యది నల్లగొండ దగ్గర పల్లె. ఆటో నడుపుతూ హయత్‌నగర్‌లో కిరాయి గదిలో ఉంటాడు. కూతురికి పెళ్లయి వెళ్లిపోయింది, ఇంట్లో ఇద్దరే. పోయిన దసరా ముందు భార్య సైదమ్మను వెంటబెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఫోన్ల షాపుకు వచ్చాడు. ఆటో బుకింగుల కోసం పెద్ద ఫోను కావాలన్నాడు. ఆమెకు గుండె జబ్బు. తన చిన్న బటన్ ఫోను కొంగున ముడేసుకుని ఉంది.

“నాకు జర ఆయాసమొస్తే ఈన్నే పిలుస్త సారూ. ఈన ఫోను మంచిగ పనిచెయ్యాలె,” అంది.

నేను వారంటీ సంగతి ఎత్తాను. ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “కింద వడితే గూడ జేస్తరా?” అని అడిగింది.

“చేస్తామమ్మా. పడినా సరే, ఏమైనా సరే. నేనున్నాను కదా,” అన్నాను.

‘ఏమైనా సరే’ అన్నది కాగితంలో లేదు. అది నా నోటిమాట.

ఈ జూలైలో, పెద్ద వాన పడిన రోజు, ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటోలోంచి ఫోను జారి నీళ్లలో పడింది. తెర పగిలింది. మర్నాడు పొద్దున్నే షాపు తెరవకముందే వచ్చి నిలబడ్డాడు. సిమ్ము తీసి చిన్న కవర్లో పెట్టి ఇచ్చాను, చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. ఫోను సర్వీసుకు పంపాను. వారం పది రోజులు పడుతుందన్నాను.

అప్పట్నుంచీ రెండ్రోజులకోసారి వచ్చేవాడు. ఆటో రోడ్డు పక్కన ఆపి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాడు. వద్దని ఎన్నిసార్లు చెప్పినా విడిచేవాడు.

“ఏమైంది సార్ మన ఫోను?”

“ప్రాసెస్‌లో ఉంది.”

ఒకరోజు నసుగుతూ అడిగాడు. “చిన్న ఫోను ఒకటి తక్కువల ఒస్తదంట సార్. అందాక గది కొనుమంటరా? ఇంట్ల ఆమెకు పాణం మంచిగుంటలేదు.”

“దండగ ఎందుకండీ, రెండ్రోజుల్లో మీదే వచ్చేస్తుంది,” అన్నాను.

ఆయన కొనలేదు. చివరికి బుధవారం సాయంత్రం వచ్చినప్పుడు, “రేపు పదకొండింటికి రండి, తప్పకుండా ఇస్తాను,” అని చెప్పి పంపాను.

గురువారం పదకొండింటికి వచ్చాడు. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో రెండున్నర దాకా కూర్చున్నాడు. ఫోను రాలేదు. లేచి ఇంటికి పోయాడు. అప్పటికే సైదమ్మ లేదు.

ఆ సంగతి నాకు సోమవారం తెలిసింది. వాళ్ల పక్కగదిలో ఉండే సంతోషి అనే అమ్మాయి, ఫోను ఎట్లున్నా సరే ఇచ్చేయమని షాపుకు వచ్చింది. అందులో సైదమ్మ ఫోటోలున్నాయట, ఒకటి పెద్దది చేయించి పటం కట్టించాలట. సైదమ్మకేమైందని అడిగాను. ఆ పిల్ల నిలబడే చెప్పింది.

“పదకొండున్నర అయితుండె సార్. అత్తమ్మకు చెమటలు వట్టినయి. దవాఖానకు పోదాం పా అత్తమ్మా, నేను ఆటో పిలుస్త అన్న. ఆగు బిడ్డా, ఇయ్యాల మామకు ఫోనొస్తది, చేతిల వడంగనే ముందుగాల నాకే జేస్తనన్నడు, ఆయనే ఒస్తడు, ఇంకోపారి కొట్టు అన్నది. కొట్టినప్పుడల్ల స్విచ్ఛాఫ్. అయినా ఇంకోపారి, ఇంకోపారి అన్నది. గంట గట్లనే వాయె. పడిపోయినంక అంబులెన్సు పిలిస్తే, దవాఖాన కాడికి పోయేసరికే అయిపోయిందన్నరు.”

సర్వీసు నుంచి అలాగే తిరిగొచ్చిన ఆ చచ్చిన ఫోను ఆమె చేతిలో పెట్టాను. అది తెరుచుకోలేదు. ఇచ్చే ముందు మా మెకానిక్కు ఒక పూటంతా ప్రయత్నించాడు. ఫోటోలు రాలేదు.

ఇంతవరకూ మీ అమ్మకు తెలుసు. పాపం, ఎవరో కస్టమరు భార్య పోయిందట అని చెబితే అయ్యో అంది. ఉద్యోగం మానేశానని కూడా చెప్పాను. పొద్దస్తమానం నిలబడితే కాళ్లు లాగుతున్నాయి కాబోలు అనుకుంది, అలాగే అనుకోనిచ్చాను. ఇక్కణ్ణుంచి రాసేది ఆమెకు తెలియదు. నీకే మొదట చెబుతున్నాను.

బక్కయ్య క్లెయిము మూడో రోజే తిరస్కరించారు. ‘నీరు చేరింది, వర్తించదు’ అని నా కంప్యూటర్లోకే వచ్చింది. నేను చదివాను. మేనేజరు శ్రీకర్‌కు చూపించాను. “ఆషాఢం సేల్ నడుస్తోంది అంకుల్. ఇప్పుడు చెబితే కౌంటర్ దగ్గర గొడవ చేస్తారు, కొనడానికి వచ్చినవాళ్లు వెనక్కి పోతారు. నెలాఖరు దాకా ప్రాసెస్‌లో ఉందనే చెప్పండి,” అన్నాడు. ఆ కుర్రాడి మీదికి నెట్టాలని ఇది రాయడం లేదు. చెప్పమన్నది అతను, చెప్పింది నేను. సైదమ్మకు నేనున్నానని మాటిచ్చింది కూడా నేనే.

చిన్న ఫోను కొనుక్కోనా అని అడిగినప్పుడు, కొనుక్కోండి అంటే సరిపోయేది. ఒక్క మాట. కానీ కొనుక్కోమంటే ఇది రాదని తెలిసిపోతుంది కదా. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి దండగ ఎందుకన్నాను, ఆయన మేలు కోరినవాడిలాగా.

ఇంకొకటుంది. షాపులో నా వారం సెలవు గురువారం. నీకు తెలుసు, చిన్నప్పుడు గురువారం నాన్న రోజు అనేదానివి. బుధవారం ఆయన మొహం చూసి మరోసారి ప్రాసెస్ అనలేకపోయాను. అందుకని నేనుండని రోజు చూసి రమ్మన్నాను. వేరేవాళ్లెవరో ఏదో ఒకటి చెబుతారు, నాకు ఒక రోజు తప్పుతుంది, అంతే నా ఆలోచన. ఆ మధ్యాహ్నం మీ అమ్మ పప్పుచారు పెట్టింది. రెండోసారి అన్నం కలుపుకున్నాను. పడుకుని లేచాను. ఆయన అక్కడ ఆ కుర్చీలో ఉన్నాడు, ఆమె ఇంట్లో స్విచ్ఛాఫ్ వింటోంది.

ఆయన ఆ రోజు షాపుకు పోకపోయి ఉంటే సైదమ్మ బతికేదా అన్నది నాకు తెలియదు. డాక్టర్లూ చెప్పలేరేమో. కానీ ఫోను వస్తుందన్న నమ్మకమే లేకపోతే ఆమె ఆ గంటసేపు ఆగేది కాదు. ఇది నాకు తెలుసు.

పెద్దకర్మ అయిన మూడో రోజున హయత్‌నగర్ వెళ్లాను. డిపో వెనక సందులో రేకుల గది. గోడకు పటం కట్టారు. ఆధార్ కార్డులో ఫోటోనే పెద్దది చేయించారు. మొహం అలికేసినట్టుంది, కళ్లు మాత్రం కాస్త తెలుస్తున్నాయి. బక్కయ్య లేచి నాకు కుర్చీ వేశాడు, తను నేలమీద కూర్చున్నాడు. నేనూ నేలమీదే కూర్చున్నాను.

అంతా చెప్పాను. మూడో రోజున చదివిన మాటలు, చిన్న ఫోను సంగతి, గురువారం సంగతి. అయిపోయాక ఆయన గోడకేసి చూస్తూ అన్నాడు.

“గురువారం మీకు చుట్టీ అని నాకు తెల్సు సార్. పోంగనే బిల్లు కాడి అమ్మాయి చెప్పింది. ఇయ్యాల సార్ రాడు, రేపు రాపో అన్నది.”

“మరి ఎందుకు కూర్చున్నారు?”

“తప్పకుండ ఇస్తనన్నరు గద. చుట్టీ అయినా మాట కోసం ఒస్తడేమో అని కూసున్న.”

నేను రెండు చేతులూ పట్టుకోబోయాను. ఆయన వెనక్కి తీసుకున్నాడు. కోపంతో కాదు, వేడి గిన్నె తగిలితే తీసుకున్నట్టు.

“ఇన్ని రోజులు నా కర్మ అనుకున్న,” అన్నాడు. “ఆమెకు గంతే రాసిపెట్టుందనుకున్న. గట్లనుకుంటే రెండు ముద్దలు లోపలికి పోతుండె. నువ్వొచ్చి గా నమ్మకం గూడ లేకుంట జేసినవ్. నీ మనసుల బరువు దించుకొని పోతవ్. నేనేడ దించుకోవాలె?”

అప్పటిదాకా నన్ను మీరు అన్నవాడు అప్పుడే నువ్వు అన్నాడు. పటం వైపు తిరిగి, “ఇగ పో సార్,” అన్నాడు మెల్లగా. లేచి వచ్చేశాను. సందు చివరిదాకా సంతోషి నాతో వచ్చింది.

మర్నాడు షాపుకెళ్లి, తిరస్కరించినా చెప్పకుండా ఆపిన క్లెయిములు ఇంకెన్ని ఉన్నాయో చూశాను. ఏడు. కౌంటర్ దగ్గరే నిలబడి ఏడుగురికీ ఫోను చేశాను. మీ క్లెయిము పోయింది, ఇంకా ఎదురుచూడొద్దు అని చెప్పాను. ఇద్దరు తిట్టారు. ఒకాయన, ఆ ముక్క నెల కింద చెప్పడానికి నీ సొమ్మేం పోయిందన్నాడు. శ్రీకర్ పక్కనే నిలబడి విన్నాడు. నేను ఆఖరి ఫోను పెట్టేశాక, “రేపట్నుంచి రావద్దు అంకుల్,” అన్నాడు. అతనికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అతని భయం అతనిది. అందుకని మానేశాను అన్నదీ పూర్తి నిజం కాదు, తీసేశారు.

ఆ ఏడుగురికి చేసిన మేలు చూసి నన్ను మంచివాణ్ణి అనుకుంటావేమో, అనుకోకు. నేను ఒక మనిషికి చెప్పవలసిన రోజున చెప్పలేదు, చెప్పకూడని రోజున చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆయన అన్నం మాట గుర్తొచ్చినప్పుడల్లా, నేను వెళ్లింది ఆయన కోసమా, నా కోసమా అనిపిస్తుంది. నా కోసమే అమ్మా.

సాయంత్రం నానమ్మ గుడికి బయలుదేరాక మీ అమ్మకు అంతా చెబుతాను. ఇందులో రాసినది రాసినట్టే చెబుతాను. ఆమె ఏమంటుందో తెలియదు.

నీకు నా మీద కోపమొస్తే దాచుకోకుండా రాయి. ఊరడించడానికి మాత్రం రాయొద్దు. పోనీలే నాన్నా అని అసలే రాయొద్దు. ఆ మాట అనగలిగిన మనిషి హయత్‌నగర్‌లో ఒక్కడే ఉన్నాడు. ఆయన అనడు, అనమని నేను అడగను.

చదివానని రాయి, చాలు.

ఇట్లు,
మీ నాన్న
మురళీకృష్ణ