బొట్టు పెట్టిన నట్టు

శనివారం, అబుదాబి

నా మీద నాకే రోతగా ఉంది. పొద్దున కొత్త కారవాన్‌కు, అదే మా చక్రాల ఇంటికి, పూజ చేసి, చక్రాల నట్లకు కుంకుమ బొట్లు పెడుతున్నాను. ఒక నట్టు నా వేలి కిందే తిరిగింది. నిన్న ముసఫ్ఫాలోని షోరూమ్ నుంచి కారు వెనక తగిలించి దాన్ని ఇలాగే లాక్కొచ్చాం!

"ఏవండీ, ఇది వదులుగా ఉంది."

"షోరూమ్ వాళ్ళు చూసే ఇచ్చుంటార్లే. యల్లా, పద పద, ముందు ఫోటోకి రా."

చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు ఆయన గుర్తుపెట్టుకుని తెచ్చారు. నట్లు బిగించే పానా మాత్రం ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. ఆయన భోజనం చేసి పడుకున్నాక నేనే తీసి బిగించాను. ఐదు నట్లు వదులే. సరిపడా బిగించానో లేదో తెలియదు. రేపు పిల్లలతో ఈ కారవాన్‌లోనే అల్ ఐన్‌కి ప్రయాణం.

ఫోటో ఊళ్ళో అందరికీ పంపారట. నట్టు సంగతి తెలిశాక కూడా ఆ చక్రం పక్కన నిలబడి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నది నేనే.