పాడుబావి దగ్గరి ఏడుపు

వేప్పంకుళం, కోవిల్‌పట్టి తాలూకా
1934, మాసి నెల

మా దామోదరసామి అన్నకు,

నీ జాబు అందింది. తాత ఇసుకలో వేలు పట్టి దిద్దించిన ఈ తెలుగు అక్షరాలు మనిద్దరికి తప్ప ఈ చుట్టుపక్కల ఎవరికీ రావు, తపాలా ఆయనకు కూడా. అందుకే కడుపులో ఏదీ దాచకుండా రాస్తున్నాను.

నీ పత్తి బేళ్ళ సంగతి పక్కన పెట్టు. ఆ మెక్సికో దేశపు ఓడ మనిషి చెప్పిన దయ్యం కథ ఉందే, దాన్ని ఎన్నిసార్లు చదివానో! మొగుడి మీద కోపంతో కన్నబిడ్డలను ఏట్లో ముంచేసి, తెల్లబట్ట కట్టుకుని, జుట్టు విరబోసుకుని, "అయ్యో నా పిల్లలూ" అని ఒడ్డమ్మట ఏడుస్తూ తిరుగుతుందా? అన్ని సముద్రాల అవతల కూడా ఆడదయ్యానికి నీళ్ళే దొరికాయా అన్నా? మా ఊరికీ ఒకతె ఉంది. నేను నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు.

ఆమె పెరియనాయగి, మా ఇంటాయనకు స్వయానా అక్క. నాకు వదిన కావాలి. మొగుడి దెబ్బలు పడలేక చంకబిడ్డతో పుట్టింటికి వచ్చిందట. ఒక మధ్యాహ్నం తల్లీబిడ్డా మా కరిసల్ నల్లరేగడి చేలో ఉన్న బావిలో తేలారు. బిడ్డను తోసి తానూ దూకిందని ఊరు తీర్మానించింది. నువ్వెరుగుదువు కదా, మన ఇళ్ళలో అకాలంగా పోయిన ఆడబిడ్డకు తాటాకు పెట్టెలో కోక పెట్టి దూలానికి కట్టి, ఏటా కొత్త కోక మార్చి పొంగలి పెడతారు. వదినకు ఆ పెట్టె లేదు. ఆడవాళ్ళు కూడి ఒప్పారి శోకాలు పాడి ఏడ్చిందీ లేదు. బిడ్డను చంపినది ఇంటి దేవత ఎట్లా అవుతుందని పెద్దలు వద్దన్నారట. అప్పటినుంచి అది పాడుబావి. అమావాస్య నాడు మిట్టమధ్యాహ్నం అక్కడ ఆడమనిషి ఏడుపు వినిపిస్తుంది. ఆ పూట ఊళ్ళో ఒక్కరూ గడప దాటరు. నేనూ విన్నానన్నా, ఒట్టు.

ఇక అసలు మాట. పోయినేడు నా కడుపు పోయింది కదా. పెరియనాయగి తీసుకుపోయిందని అందరూ అన్నారు. నేనూ ఊఁ అన్నాను. ఎవరో ఒకరు తీసుకుపోయారు అనుకుంటే దుఃఖానికి ఒక పేరు దొరుకుతుంది, అందుకని. ఇప్పుడు మళ్ళీ ఐదో నెల. ఈసారి వదలకూడదని మా ఇంటాయన పేచ్చిముత్తు కోడాంగిని పిలిపించాడు. ఉడుక్కై డమరుకం వాయించి దయ్యాలను కట్టేసే మనిషి ఆయన. అమావాస్య దాటిన శుక్రవారం వస్తాడు. వదిన కట్టిన కోక ఒకటి ఇస్తే దాన్ని తాటిచెట్టుకు ఇనుపమేకుతో దిగగొట్టి, బావిని రాళ్ళతో పూడుస్తాడట. ఇక ఆమె ఎన్నటికీ కదలదు. ఎన్నటికీ ఇంటికి రాదు కూడా.

నాకు దయ్యం కంటే ఈ ఇంటి మౌనమే భయంగా ఉంది. మా అత్త సుబ్బమ్మాళ్ నోరు విప్పదు. కూతుర్ని మేకు కొడతామంటే చాట పక్కన పెట్టి లేచిపోయింది. ఆమెకు కళుగుమలై స్వామి ఒక్కడే దిక్కు. ప్రతి అమావాస్యకూ పొద్దున్నే సద్దిమూట కట్టుకుని కొండకు నడిచిపోతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ చిటికెడు విబూది తెచ్చిచ్చిన పాపాన పోలేదు. స్వామి పిసినారో, మా అత్త పిసినారో!

నన్ను ఆ శుక్రవారంలోపు విరుదునగరానికి, నాయన ఇంటికి తీసుకుపో అన్నా. కాన్పయ్యాక కూడా ఇక్కడికి తిరిగి రాను. ఇది తీర్మానమే. ఈలోగా ఆ ఓడ మనిషిని రెండు ముక్కలు అడుగు. వాళ్ళ దేశంలోనూ ముండమోసినవాళ్ళకు తెల్లబట్టేనా? ఆ పిల్లలను నిజంగా ఆమే ముంచిందా అని ఆమెను ఎవరైనా అడిగారా?

నీ నోటిదురుసు చెల్లి,
రుక్మణి


తూత్తుకుడి

నా చిట్టి రుక్కుకు,

ఇంత బాధ మూటగట్టుకుని నాకు దయ్యాల కథలు రాస్తావా? శుక్రవారం పొద్దున బండి కట్టించుకుని వస్తాను. గుడ్డలు సర్దుకుని ఉండు. నాయనకు నేను చెప్పుకుంటాను.

నీ ప్రశ్నలు అడిగాను. ఆ ఓడ మనిషి ఫెలిసియానో పెద్దగా నవ్వాడు. ఓడ మరమ్మతుకు ఆగి పనీపాటా లేక కూర్చున్నాడు కదా, కథలంటే ప్రాణం. వాళ్ళ దేశంలో ముండమోసినవాళ్ళు నల్లబట్ట కడతారట, తెల్లబట్ట పెళ్ళికూతురిదట. రెండో ప్రశ్నకు మాత్రం నవ్వు ఆపేశాడు. "ఏడుపు వినగానే మేమందరం పరుగెత్తుతాం. చిన్నప్పుడు నేనూ పరుగెత్తాను. నిలబడి అడిగినవాడిని నేను ఎరగను" అన్నాడు.

నువ్వు మాత్రం నిలబడి అడగబోకు తల్లీ. నీ సంగతి నాకు తెలుసు. కడుపుతో ఉన్నావు.

మీ అన్న,
దామోదరసామి


వేప్పంకుళం
శుక్రవారం, దీపాలు పెట్టే వేళ

నా అన్నకు,

పొద్దున నువ్వు బండితో వచ్చి, వాకిట్లో జనాన్ని చూసి, నన్ను చూసి, నేను రానంటే కోపం దిగమింగి వెళ్ళిపోయావు. ఆ జనంలో నీకు ఏమీ చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను, విను.

వద్దంటే ఆగే జన్మా నాది? నీ జాబు చదివినప్పటినుంచి "నిలబడి అడిగినవాడు లేడు" అన్న మాట చెవిలో జోరీగలా తిరిగింది. అమావాస్య మధ్యాహ్నం మా ఇంటాయన కునుకు తీస్తుంటే కొంగులో వేపాకు ముడేసుకుని బయల్దేరాను. వీధిలో కుక్క కూడా లేదు. నల్లరేగడి నెర్రెలిచ్చి కాళ్ళు కాలుతున్నాయి. పత్తిచేను సగం దాటాక ఏడుపు మొదలైంది. వెనక్కి తిరిగితే పరుగే, ముందుకే పోయాను.

బావి గట్టున కూర్చుని ఉన్నది మా అత్తే అన్నా. సద్దిమూట విప్పి, రెండు ఆకుల్లో పెరుగన్నం పెట్టి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, గుండెలు బాదుకుంటూ ఒప్పారి పాడుతోంది. "పుట్టింటికి వచ్చినావు తల్లీ, పుట్టెడన్నం వండలేదే" అని. కళుగుమలై విబూది ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. పిసినారి అని వేళాకోళం చేసిన నా నోరు పడిపోను!

నన్ను చూసి ఆమే హడలిపోయింది.

"యాలమ్మా వచ్చినావు? కడుపుతో ఉండేదానివి, ఈడికి రాకూడాదు."

"ఇన్నేళ్ళూ ఏడ్చింది నువ్వా అత్తా? దయ్యం అనుకొని ఊరంతా దడుచుకుంటుంటే చెప్పలేదే?"

"చెప్తే ఈడా ఏడవనీరు గదా. వాకిట్లో ఏడవకూడాదనిరి. మరి ఏడ ఏడిచేది? పేయి, దయ్యం అని దడుచుకొని ఎవురూ రాకపోతే నాకు నిమ్మళమనుకొంటిని. నీ కడుపు పోయినప్పుడు ఆ నింద దాని మీద వేసిరే, అప్పుడే చెప్పుండాల. నోరు రాలేదమ్మా."

నా బుద్ధి ఊరుకుంటుందా? ఆ తల్లి ముఖం చూస్తూ కూడా అడిగాను. "వదిన బిడ్డను తొయ్యలేదు కదా అత్తా? కాలు జారిందే కదా? ఆ మాట ఊరికి చెప్పేస్తే పెట్టె కట్టనిస్తారు కదా!"

ఆమె నన్ను జాలిగా చూసింది.

"జారిందో, తోసిందో, నేను చూసిండానా? తోసినా నా బిడ్డే. జారినా నా బిడ్డే. అది తప్పు చేసిండాదా లేదా అని తెలుసుకొని ఏడవాల్నా?"

వెళ్ళి ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, మన ఆడవాళ్ళు కూర్చునేట్టే నుదురు నుదురూ ఆనించి కూర్చున్నాను. పోయిన నా బిడ్డ కోసం నేనూ ఇంతవరకు గొంతెత్తి ఏడవలేదన్నా. పురుడు కాని దానికి ఏడవకూడదన్నారు. అక్కడ ఏడ్చాను. పేరు లేని నా బిడ్డకు కూడా అత్త ఒక పాట కట్టింది. లేచేటప్పుడు "శుక్రవారం ఇంట్లోనే ఏడుద్దాం అత్తా" అన్నాను. ఆమె ఆకులు మడిచి మూట కట్టుకుంది.

ఇవాళ నువ్వు వెళ్ళిన కాసేపటికి కోడాంగి వచ్చాడు. పొద్దు నడినెత్తికి వచ్చేవేళ ఉడుక్కై అందుకుని, "ఆయమ్మ కట్టిన కోక తెండి" అని అడిగాడు. అత్త లోపలికి వెళ్ళి ఎర్ర చుంగుడికోక తెచ్చింది. ఇన్నేళ్ళు ఎక్కడ దాచిందో! అందరూ చూస్తుండగా కోడాంగికి ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో చతికిలబడి ఒక్కసారిగా గొంతెత్తింది. నేను పోయి ఆమె మెడ చుట్టూ చేతులు వేశాను.

ఊరు ఊరంతా బిగుసుకుపోయింది. ఎదురింటి బొమ్మక్క చేతిలోని చాట జారి పడింది. "అయ్యో దేవుడా, అది ఈ గొంతే గదా! అమావాస్య గొంతు ఈ సుబ్బమ్మాళ్‌దేనా?" అని వచ్చి మా పక్కన కూలబడి ఆమె కూడా మెడలో చెయ్యి వేసింది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. పెద్దలు మండిపడి ఏదో అనబోయారు కానీ ఆడవాళ్ళ ఏడుపులో వాళ్ళ మాట ఎవరికీ వినబడలేదు. మా ఇంటాయన స్తంభం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కోడాంగి మేకును సంచిలో వేసుకున్నాడు. "దీనికి నా పని లేదప్పా, తాటాకులు తెప్పించు" అన్నాడు మా ఇంటాయనతో.

ఇప్పుడు ఆ ఎర్రకోక దూలానికి కట్టిన పెట్టెలో ఉంది. పక్కన నేను అరచేతంత కొత్తగుడ్డ ముక్క ఒకటి పెట్టాను. అది ఎవరికని అత్త అడగలేదు. కాన్పుకు విరుదునగరం వస్తాను, కానీ బిడ్డనెత్తుకుని ఈ ఇంటికే తిరిగి వస్తాను. నా పాత తీర్మానం చించెయ్యి. ఈసారి వచ్చేటప్పుడు వదినకు ఒక కొత్త కోక తీసుకురా. తెల్లది మాత్రం వద్దు.

ఆ ఫెలిసియానో ఓడ ఇంకా కదలకపోతే నా మాటగా చెప్పు అన్నా. వాళ్ళ ఏటి ఒడ్డున ఈసారి ఏడుపు వినిపిస్తే పరుగెత్తవద్దను. దగ్గరికి పోయి చూడమను. అక్కడ ఏడుస్తున్నది బిడ్డలను ముంచిన ఆమె కాదేమో, ఆమెను కన్నతల్లేమో.

నీ చెల్లి,
రుక్మణి