పేరు కొట్టిన కంచం

గౌలిపుర,
ఆదివారం.

అక్కకు నీ చెల్లెలు సత్య నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం. నిన్ను ఊరడించడానికి రాస్తున్న మాట కాదు, నిజంగానే బాగున్నాం. నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నూనె రాసుకుంటున్నావా, సీసా అలమరలోనే దాచావా?

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మా సందులో నీళ్లు నిలిస్తే గేదెలు కూడా ఆలోచించి అడుగు వేస్తున్నాయి. పెళ్లయి వచ్చిన కొత్తలో ఈ ఊరంటే నాకు ఏడుపొచ్చేది, గుర్తుందా? పక్కింటావిడ "ఏంది, గిట్ల కూసున్నవ్?" అంటే తిడుతోందనుకునేదాన్ని. ఇప్పుడు ఆవిడ ఒక పూట కనిపించకపోతే నాకే తోచదు. చీరలకు ఫాల్స్ కుట్టే పని బాగానే వస్తోంది. మన కాకినాడ కొబ్బరి రుచి మాత్రం ఇక్కడ దొరకదు, ఆ బెంగ ఒక్కటీ తీరలేదు.

ఇక మా ఆయన సంగతి. మెడ పక్కన గడ్డ కనిపించి, టాన్సిల్ దగ్గర క్యాన్సర్ అని తేలిన రోజు నుంచి నువ్వు ఒకటే అడుగుతున్నావు, సిగరెట్టు లేదు, గుట్కా లేదు, మరి ఎలా వచ్చిందని. ఫోన్లో చెప్పబోతే నువ్వు ఏడుస్తావు, అది విని నేనూ ఏడుస్తాను, అసలు మాట పక్కకు పోతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ముందు మంచి కబురు. రేడియేషన్, మందులు అన్నీ అయిపోయాయి. మొన్న స్కాన్‌లో గడ్డ ఆనవాలే లేదన్నారు. ఇంకా కొన్నేళ్లు చూపించుకుంటూ ఉండాలి. నోరు ఎండిపోతుంది, కారం తగిలితే గంతులేస్తాడు, రుచి సగమే తెలుస్తోందట. అయినా నా వంటకు వంకలు పెట్టడం మానలేదు, కాబట్టి మనిషి కోలుకున్నట్టే.

బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణంలో గిన్నెల మీద పేర్లు కొట్టడం ఆయన పని కదా. మళ్లీ పనిలోకి వెళ్లగానే ఒక కంచం, గ్లాసు, చెంచా తెచ్చాడు. మూడింటి మీదా 'యాదగిరి' అని తన పేరే కొట్టుకున్నాడు. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల పేర్లు కొట్టాడు, తన పేరు కూడా చూసుకోవాలని ముచ్చటపడ్డాడేమో అనుకుని ఏడిపించాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి తన కంచం తనే తోముకోవడం, దూరంగా బోర్లించుకోవడం, మాకంటే ముందే తినేసి లేవడం.

మా చిన్నదాని అలవాటు నీకు తెలుసు. ఎంత తిన్నా చివరి ముద్ద నాన్న కంచంలోంచే కావాలి దానికి. ఒకరోజు అది చెయ్యి పెట్టబోతే ఆయన కంచం లాగేసుకుని "ముట్టకు!" అని అరిచాడు. అది బిత్తరపోయి ఒకటే ఏడుపు. మా అత్తయ్య ఊరుకుంటుందా?

"పోరిని గట్ల బెదిరిస్తవారా? బీమారి గొంతుకా, దిమాగ్‌కా?" అని దులిపేసింది.

ఆయన కంచం పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. నేనూ వెనకాలే వెళ్లి నిలదీశాను. అప్పుడు బయటపడింది.

"వైరస్‌తోని వచ్చిందంట సత్యా. హెచ్‌పీవీ అంట. డాక్టరమ్మ చెప్పిననాడు నువ్వు మందుల కాడ లైన్ల ఉన్నవ్. ఆడోళ్లకు గర్భసంచి మూతి క్యాన్సర్ తెచ్చేది గూడ గదేనంట. నా ఎంగిలితోని పోరికి అంటుకుంటే? నీకు అంటుకుంటే? అది ఎట్ల వస్తదో గూడ చెప్పింది. నీకు ఏం ముఖం పెట్టుకొని చెప్పాలె?"

నీ దగ్గర దాచడమెందుకక్కా, ఆయన్ని చూస్తే జాలేసింది, వెంటనే అనుమానమూ వచ్చింది. ఎక్కడికి వెళ్లాడు, ఎవరి దగ్గరికి వెళ్లాడు అని లోలోపలే ఉడికిపోయాను. అందుకే ఈసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆయనతో పాటు నేనూ లోపలికి వెళ్లి కూర్చున్నాను. కంచం సంగతి మొత్తం చెప్పేశాను.

డాక్టరమ్మ నవ్వలేదు. "కంచంతో రాదమ్మా, గ్లాసుతో రాదు, పక్కన కూర్చుని తింటే రాదు. ఆలుమగల మధ్య ఉండే దగ్గరితనంతో వస్తుంది, నోటితో అయినా సరే. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఎక్కువమందిలో దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోయి ఇలా చేస్తుంది. మగవాళ్లకైతే గొంతులో, మలద్వారం దగ్గర, పురుషాంగం మీద కూడా క్యాన్సర్ రావచ్చు. ఆడవాళ్లకు ముందే పట్టుకునే పరీక్ష ఉంది. మగవాళ్ల గొంతుకు అలాంటిది లేదు. గడ్డ తగ్గకపోతే వెంటనే రావడమే దారి," అంది.

"మరి ఈయనకు ఎవరి నుంచి వచ్చింది మేడం?" అని అడిగేశాను. మా ఆయన తల వంచుకున్నాడు.

"అది ఏ పరీక్షా చెప్పదు. పెళ్లికి ముందుదో, తర్వాతిదో కూడా తెలియదు. దాని మీద తారీఖు రాసి ఉండదమ్మా," అంది.

తిరిగొస్తుంటే ఆటోలో ఆయనే అన్నాడు, "నన్నేం అడుగవా?"

అనుమానం మొత్తం ఎగిరిపోయిందని నీకు అబద్ధం రాయను. కానీ ఆయన గొంతులో మంచినీళ్లు కూడా దిగని రోజుల్లో దేవుణ్ణి ఏం కోరుకున్నానో నాకు గుర్తుంది. ఈ మనిషి ఉంటే చాలనుకున్నాను, ఉన్నాడు. "ఇంటికెళ్లి అందరం కలిసి తిందాం," అన్నాను. మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పప్పన్నం చివరి ముద్ద దాని నోట్లో పెట్టాడు. అది ఇంకో ముద్ద అడిగింది. మా అత్తయ్య "ఇగ ఫికర్ లేదు" అని లోపలికి వెళ్లిపోయింది, కళ్లనీళ్లు మాకు కనపడకూడదని. డాక్టరమ్మ చెప్పిందని నేనూ పరీక్ష చేయించుకున్నాను. ఏమీ లేదన్నారు, నువ్వు కంగారు పడకు. నువ్వు కూడా ఒకసారి చేయించుకో.

అక్కా, ఒక్క మాట మాత్రం వినాలి. మీ అమ్మాయికి ఈ హెచ్‌పీవీ రాకుండా టీకా వేయించావు, మీ వంశీకి మగపిల్లాడు కదా ఎందుకులే అని వదిలేశావు. మగపిల్లలకూ వేయించవచ్చట. వచ్చిన జబ్బును తగ్గించే మందు కాదు, రాకుండా ఆపేది, అందుకే ఈ చిన్న వయసులోనే వేయించాలట. మీ డాక్టరు దగ్గరికి వాణ్ణి తీసుకెళ్లి అడుగు. వీలుంటే ఇటు వచ్చేవాళ్లతో కాస్త తాటిబెల్లం పంపు, ఈయన జావలోకి.

బావగారికి, అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. మమ్మల్ని చల్లగా ఉండమని దీవించు.

ఇంతవరకు రాసి చూస్తే మా ఆయన వెనక నిలబడి చదువుతున్నాడు. చింపేస్తాడనుకున్నాను. చివరిదాకా చదివి, బావగారిని అన్న అంటాడు కదా, "గీ ఉత్తరం వదినె ఒక్కదాని కోసమేనా? అన్నకు గూడ ఇయ్యుమను. వంశీకి గూడ సదువుమను. మొగోళ్లకు గిది ఎవ్వరు చెప్తరు? నాకు సిగ్గయితది. అయినా ఇయ్యుమను," అన్నాడు.

నీ చెల్లెలు
సత్య